వాగు పేరు రాయాలా, వద్దా?

వర్గీకర్త: పేరు లేని ప్రాణిని కాపాడమని ఎవరిని అడుగుతాం? అటవీ శాఖకు రాసే ఉత్తరంలోనైనా, గని అనుమతిని సవాలు చేస్తూ కోర్టులో వేసే పిటిషన్‌లోనైనా, ఐయూసీఎన్ ఎర్ర జాబితాలోనైనా ముందు అడిగేది జాతి పేరే. ఫిలిప్పీన్స్ నీటి ఉడుముల సంగతి చూడండి. శ్రీలంక నుంచి ఇండోనేషియా దాకా ఉన్న నీటి ఉడుములన్నీ ఒకటే జాతి, వేరానస్ సాల్వేటర్, అని చాలాకాలం లెక్క. ఫిలిప్పీన్స్ దీవుల్లోవి దాని ఉపజాతులనుకునేవారు. 2007లో వాటిలో కొన్నింటికి పూర్తి జాతి హోదా వచ్చింది. 2010లో పలావాన్ ఉడుము, తావీతావీ ఉడుము కొత్త జాతులుగా నమోదయ్యాయి. 2014లో మరో రెండు కొత్త పేర్లు వచ్చాయి. ఈ పని జరగకముందు పలావాన్‌లో మడ అడవి అంతా నరికేసినా కాగితం మీద నష్టం సున్నా. ఆ ఉడుము సుమత్రాలో బోలెడుంది కదా అని తేలిగ్గా కొట్టిపారేసేవారు. ఇప్పుడు ఆ మాట అనలేరు.

పరిరక్షకురాలు: అనలేరు, ఒప్పుకుంటాను. కానీ మీరు తీసుకున్న ఉదాహరణ మీకు పూర్తిగా సాయం చెయ్యదు. ఉడుముల ప్రజాతి మొత్తం 1970ల నుంచే సైటీస్ కింద, అంటే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం కింద ఉంది. పలావాన్ ఉడుముకు విడిగా పేరు లేని రోజుల్లోనూ దాని తోలు దేశం దాటాలంటే అనుమతి పత్రం కావాల్సిందే. చట్టం తలుచుకుంటే విడి పేరు కోసం ఆగక్కర్లేదన్నమాట. ఇక పేరు ఉండి కూడా రక్షణ దక్కనివాటి మాటేమిటి? బోర్నియో చెవిలేని ఉడుముకు ఫ్రాంజ్ స్టైండాక్నర్ 1877లో పేరు పెట్టారు, లాంథనోటస్ బోర్నియెన్సిస్ అని. పగలంతా వాగు ఒడ్డున రాళ్ల కిందా మట్టిలోనూ దాక్కుని, రాత్రిపూట నీళ్లలో తిరిగే జీవి. మలేషియాలోని సారావాక్‌లో 1971 నుంచి, బ్రూనైలో 1978 నుంచి, ఇండోనేషియాలో 1980 నుంచి దాన్ని పట్టడం నేరం. పశ్చిమ కాలిమంతాన్‌లో కూడా అది ఉందని 2012లో శాస్త్రపత్రికలో వచ్చింది. 2014 కల్లా యూరప్‌లో బేరానికి పెట్టారు. మూడు దేశాల్లో ఎక్కడా దాన్ని చట్టబద్ధంగా పట్టి బయటికి పంపే వీల్లేదు. అయినా వెళ్లింది.

వర్గీకర్త: వ్యాసం తర్వాత బేరం మొదలైంది కాబట్టి వ్యాసం వల్లే మొదలైందని చెప్పలేం. దాని కుటుంబంలో ఇప్పుడు బతికున్న జాతి అదొక్కటే. సరీసృపాలు పెంచేవాళ్ల కళ్లు దాని మీద ఎప్పటినుంచో ఉన్నాయి. ఆయిల్ పామ్ తోటల మధ్య మిగిలిన వాగుల్లోనూ అది దొరుకుతుంది. అక్కడ పనిచేసే మనిషికి దాన్ని పట్టుకోవడానికి శాస్త్రపత్రిక అక్కర్లేదు. తరచి చూస్తే మీ ఉదాహరణే నాకు పనికొస్తుంది. ఉడుముల కుటుంబానికి చెందదు కాబట్టే ఆ పెద్ద ప్రజాతికి దొరికిన సైటీస్ రక్షణ దీనికి దొరకలేదు. 2016లో జోహన్నెస్‌బర్గ్ సైటీస్ సమావేశంలో దీన్ని రెండో అనుబంధంలో చేర్చి, అడవిలో పట్టినవాటి వ్యాపార ఎగుమతికి కోటా సున్నా అన్నారు. ఆ నిర్ణయానికి ఆధారం ఏమిటి? ఈ జంతువు ఏది, ఎక్కడ ఉంది, ఎవరు అమ్ముతున్నారు అని రాసిపెట్టిన కాగితాలే. రాయకుండా ఉండి ఉంటే దొంగకు తెలిసేది, కాపలాదారుకు తెలిసేది కాదు.

పరిరక్షకురాలు: సరే, లాంథనోటస్ విషయంలో వ్యాసమే కారణమని నేను నిరూపించలేను. అంతకన్నా తేటగా కనిపించేది ఒకటి చెబుతాను. అది నీటి బల్లి కాదు, చైనాలోని గ్వాంగ్‌షీ సున్నపురాతి గుహల గెక్కో. గోనియురోసారస్ లుయీ. 1999లో వర్ణన వచ్చింది. వర్ణించిన చోటికే వేటగాళ్లు వెళ్లారు. కొన్నేళ్లకు ఆ చోట అది కనబడకుండా పోయింది. లావోస్‌లో వాగునీళ్లలో బతికే న్యూట్ అనే ఒక ఉభయచరానికి 2002లో పేరు పెట్టారు. వెంటనే విదేశీ వ్యాపారులు ఊళ్లలోకి దిగారు, రైతులే పట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఇండోనేషియాలోని రోటీ దీవి పొడుగుమెడ తాబేలు 1994లో వర్ణనకెక్కింది, దాన్నీ అలాగే ఊడ్చేశారు. 2006లో సైన్స్ పత్రికలో నలుగురు శాస్త్రజ్ఞులు ఈ మూడింటినీ కలిపి ఒక ఉత్తరం రాశారు. ఆ నలుగురిలో ఈ ప్రాణులను వర్ణించినవాళ్లే ఉన్నారు. తాము పేరు పెట్టిన ప్రాణి ఆ పేరు వల్లే కనుమరుగవుతోందని వాళ్లే చెప్పారు. ఇందులో బయటివాళ్లు వేసిన నింద ఏమీ లేదు.

వర్గీకర్త: ఆ ఉత్తరం చదివిన ఏ వర్గీకర్తా నిబ్బరంగా ఉండలేడు. నేనూ ఉండలేదు. అయినా దాంట్లో వాళ్లు అడిగింది గుర్తుచేసుకోండి. వర్ణించడం మానేయమని అడగలేదు. ఆయా ప్రభుత్వాలతో ముందుగా మాట్లాడి, వ్యాసం వచ్చే వేళకు రక్షణ ఏర్పాట్లు కూడా జరిగేలా చూడమన్నారు.

పరిరక్షకురాలు: ఎందరు అలా చేస్తున్నారు?

వర్గీకర్త: తక్కువమందే.

పరిరక్షకురాలు: వాగు ఒడ్డు బల్లుల విషయంలో నా భయం ఇంకాస్త ఎక్కువ. ఎందుకో చెబుతాను. అడవిలో తిరిగే బల్లి ఎక్కడైనా ఉండొచ్చు. దాన్ని వెతకాలంటే కొండంతా గాలించాలి. వాగు బల్లి ఇల్లు ఒక గీత, నీళ్ల వెంట కొన్ని గజాల వెడల్పు, అంతే. మొసలి బల్లి నీటి మడుగు మీదికి వాలిన కొమ్మ ఎక్కి కూర్చుంటుంది, అలికిడైతే దభాలున నీళ్లలోకి దూకుతుంది. రాత్రి అదే కొమ్మ మీద నిద్రపోతుంది. ఫిలిప్పీన్స్, సులవేసీ తెరచాప బల్లులూ అంతే, నది మీదికి వంగిన చెట్ల మీద పడుకుంటాయి. మధ్య అమెరికా నీటి ఆనోల్‌లు వాగు పక్క ఆకుల మీదా కాడల మీదా పడుకుంటాయి. తలకు దీపం కట్టుకుని వాగులో ఎదురెక్కుతూ పోతే నిద్రపోతున్న బల్లిని చేత్తో తీసుకోవచ్చు. మీరు సర్వే చేసేది అలాగే. వేటగాడు చేసేదీ అలాగే. మీ వ్యాసంలో వాగు పేరు, ఎత్తు, నెల, ఎన్ని గంటలకు దొరికింది, నీటికి ఎంత ఎత్తున కొమ్మ మీద ఉంది, అన్నీ ఉంటాయి. ఇక అతనికి మిగిలేది బస్సు టికెట్టు కొనుక్కోవడమే. చైనాలో 1978లో 6,000 దాకా ఉన్న మొసలి బల్లులు 2004 నాటికి 950కి దిగాయని అంచనా. అందులో వేట వాటా చిన్నది కాదు.

వర్గీకర్త: వేట వాటా చిన్నదని నేనూ అనను. కానీ అదే కొమ్మలు, అదే దీపం, అదే లెక్క ఇంకో పని కూడా చేశాయి. మొసలి బల్లి చైనాలో తప్ప ఇంకెక్కడా లేదనే 1930 నుంచి పుస్తకాల్లో ఉంది. 2000ల మొదట్లో ఉత్తర వియత్నాంలో, క్వాంగ్ నిన్ ప్రాంతపు యెన్ తూ కొండల్లో బయటపడింది. క్వాంగ్ నిన్ అంటే బొగ్గు సీమ. గని నీళ్లు వాగులో కలిస్తే ఆ వాగులో బల్లి మిగలదు. దానికి దొంగ అక్కర్లేదు, బేరగాడు అక్కర్లేదు, ఎవరికీ దాని మీద ఆశ కూడా ఉండక్కర్లేదు. పరిశోధకులు రాత్రిళ్లు ఆ వాగుల వెంట నడిచి, వియత్నాం మొత్తం మీద 200 కూడా లేవని తేల్చారు. చైనా బల్లికీ దీనికీ తేడాలు చూపి 2016లో ఉపజాతిగా వర్ణించారు. అదే ఏడాది మొసలి బల్లి సైటీస్ మొదటి అనుబంధంలోకి ఎక్కింది, అంటే అడవిలో పట్టినదానితో అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా బంద్. మీ సలహా పాటించి యెన్ తూ పేరు దాచి ఉంటే దొంగ ఇబ్బంది పడేవాడేమో. బొగ్గు గనికి మాత్రం అడ్డే ఉండేది కాదు.

ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి మనం. అందమైన, అరుదైన, బతికుండగా అమ్ముడుపోయే ప్రాణికి దొంగ ప్రమాదం. ఉష్ణమండలంలో వాగు పట్టుకుని బతికే మిగతా బల్లుల్లో చాలావాటికి ప్రమాదం తోట, గని, ఆనకట్ట, రోడ్డు. పెరూలో కుస్కో కొండల మీద 1,600 మీటర్లు దాటిన ఎత్తులో, చల్లటి వాగుల్లో తిరిగే ఒక పొటామిటిస్ బల్లిని 2012లో వర్ణించారు. గోధుమరంగు, చిన్న ఒళ్లు. సారావాక్‌లో 2017లో వర్ణించిన ట్రోపిడోఫోరస్ సెబీ నీటి స్కింక్ కూడా అంతే, నానిన ఆకుల రంగు. వీటిని కొనడానికి ఎవరూ క్యూ కట్టరు. వాటి వాగు పేరు దాస్తే లాభపడేది ఆ వాగుకు కాలువ తవ్వాలనుకునేవాడే.

పరిరక్షకురాలు: ఇక్కడ మీతో ఏకీభవిస్తాను. మూస పెట్టి అన్ని జాతులకూ చోటు దాచమనడం తప్పు. ఏది సంతకెక్కుతుందో, ఏది ఎక్కదో ముందే ఊహించగలమా అన్నదే నాకు అనుమానం.

వర్గీకర్త: చాలావరకు ఊహించగలం. ఇక చోటు తెలియడం వల్ల మేలేమిటంటారా, మన కలివికోడి కథ మీకు తెలియనిది కాదు. అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లా లంకమల దిగువన, ఐతన్న అనే స్థానికుడి చేతికి టార్చి వెలుగులో దొరికింది. ఎక్కడ దొరికిందో అందరికీ తెలిసింది. తెలిసింది కాబట్టే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలిసింది కాబట్టే తెలుగుగంగ కాలువ ఆ పొదల అడవిలోంచి పోబోతుంటే దారి మళ్లించమని పట్టుబట్టగలిగారు. చోటు దాచిపెట్టి ఉంటే ఏ ఇంజనీరును ఏమని నిలదీసేవారు?

పరిరక్షకురాలు: కాలువ మళ్లింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పక్షి ఎవరికీ కనబడలేదన్నది కూడా చెప్పాలి. చోటు తెలియడం ఒక్కటే సరిపోలేదు. సీమ కథల్లోంచే నేనూ ఇంకోటి చెబుతాను. నీలిరంగు గుత్తి సాలీడు. 1899లో పోకాక్ అనే ఆయన గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన దాన్నిబట్టి వర్ణించాడు. నిజానికి అది అక్కడిది కాదు, రైలెక్కి వచ్చిన కలపతోపాటు వచ్చింది. నూరేళ్లు దాని అసలు అడవి ఎవరికీ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఉందని బయటపడింది. ఇవాళ ఆ సాలీడు గుత్తి పేరుతోనే ప్రపంచమంతా పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్ముడుపోతోంది. గుత్తిలో ఉన్నవాళ్లలో చాలామంది దాన్ని చూడను కూడా చూడలేదు.

వర్గీకర్త: ఆ కథలో నాకు కనిపించే దోషం వేరే. వర్ణించినవాడికి చోటు తెలియకపోవడం. ఆ నూరేళ్లలో నంద్యాల, గిద్దలూరు అడవి ఎంత పోయిందో ఎవరూ లెక్క వెయ్యలేదు, ఎందుకంటే వెయ్యాలని ఎవరికీ తెలియదు. నీటి ఉడుము విషయంలో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. లారెంటీ 1768లో వేరానస్ సాల్వేటర్‌కు పేరు పెట్టినప్పుడు నమ్మదగిన చోటు ఇవ్వలేదు. అందుకని అసలు సాల్వేటర్ ఏ దేశపు ఉడుమో తేల్చడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. చివరికి అసలు రూపం శ్రీలంకది అని స్థిరపరిచారు. ఈలోగా ఇండోనేషియా నుంచి ఏటా లక్షల తోళ్లు ఒకే పేరు మీద ఓడలెక్కాయి. ఏ దీవి ఉడుము ఎన్ని పోయిందో ఆ లెక్కల్లోంచి ఎవరూ బయటికి తీయలేరు. చోటు లేని నమూనా మూగ సాక్షి. ఆ మాటను నేను ఊరికే వాడడం లేదు. మనీలా పెంపుడు జంతువుల వ్యాపారంలో పట్టుబడ్డ తెరచాప బల్లులు ఏ దీవివో డీఎన్‌ఏతో పోల్చి చూశారు. దీవుల వారీగా, చోటు రాసిపెట్టి, ముందే సేకరించిన నమూనాలు లేకపోతే ఆ పోలిక దేనితో?

పరిరక్షకురాలు: నమూనా మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతాను. నమూనా అంటే చంపిన జంతువు. పేరుకు ఆధారంగా నిలిచే హోలోటైప్ ఒకటి, దాని వెనక పారాటైప్‌లు మరికొన్ని. 200 కూడా లేని చోట నాలుగు పెద్ద బల్లులను ఫార్మలిన్‌లో వేస్తే ఆ వాగుకు అది చిన్న సంగతి కాదు. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది నీటి ఆనోల్ కథ. కోస్టారికా నీటి ఆనోల్‌ను ఎడ్వర్డ్ టేలర్ 1956లో వర్ణించాడు. పొలుసులు లెక్కపెట్టారు, తోక కొలిచారు, గొంతు కింద చాపే తోలు రంగు రాసుకున్నారు. సీసాలో దశాబ్దాలు ఉంది. దాని గొప్పతనం మాత్రం సీసాలో ఎవరికీ కనబడలేదు. వెంటాడితే అది నీళ్లలో మునిగి, ముక్కు మీద గాలిబుడగ పెట్టుకుని, ఆ గాలినే పీల్చి వదిలి మళ్లీ పీలుస్తూ నిమిషాల తరబడి అడుగునే ఉంటుంది. ఇలాంటి బల్లుల్లో 18 నిమిషాల దాకా ఉన్నది కూడా ఉంది. 2021లో అచ్చయిన పరిశోధన ఈ విద్య ఆనోల్‌లలో ఒకసారి కాదు, విడివిడిగా చాలాసార్లు పుట్టిందని చూపింది. ఇదంతా తెలిసింది వాగులో కూర్చుని బతికున్న బల్లిని చూసినవాళ్ల వల్ల. చనిపోయిన బల్లి ఊపిరి గురించి ఏం చెబుతుంది?

వర్గీకర్త: ఆ అధ్యయనం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు కలిగినదానికంటే తక్కువేం కాదు. ఒకటి మాత్రం గమనించండి. విడివిడిగా పుట్టిందని ఎలా తెలిసింది? ఏ ఆనోల్ ఏ ఆనోల్‌కు దగ్గరి చుట్టమో, ఏది దూరపు చుట్టమో తెలిస్తేనే ఆ మాట అనగలం. ఆ వంశవృక్షం ఎన్నో మ్యూజియంల నమూనాల మీద, వాటి కణజాలం మీద కట్టినది. బుడగను వాగులో చూశారు, దాని చరిత్ర తెలిసింది మాత్రం సీసాల వల్ల.

చంపడం గురించి కూడా సూటిగానే చెబుతాను. నాకు అది ఇష్టమైన పని కాదు, దాన్ని చిన్నదిగా చూపను. 2014లో సైన్స్ పత్రికలోనే ఈ తగవు నడిచింది. చిన్న జనాభాల నుంచి నమూనాలు తీస్తే అంతరించే ప్రమాదం పెరుగుతుందని కొందరు రాశారు. వందమందికి పైగా శాస్త్రజ్ఞులు కలిసి బదులు రాశారు. నియమం తెలిసి, కొద్దిగా, జాగ్రత్తగా చేసే సేకరణ ఏ జాతినీ అంతరింపజేయదని వాళ్ల వాదం. నాకు ఆ వాదం చాలావరకు సరైనదే అనిపిస్తుంది. చాలావరకు అన్నాను, పూర్తిగా అనలేదు. యెన్ తూ బల్లి లాంటిదాన్ని నేనైతే చంపను.

పరిరక్షకురాలు: మరి హోలోటైప్ లేకుండా పేరు ఎలా నిలుస్తుంది? 2000 నుంచి పెట్టే ప్రతి కొత్త జాతి పేరుకూ అలాంటి ఆధార నమూనా తప్పనిసరి అని మీ నియమావళే అంటోంది.

వర్గీకర్త: నిజమే. కానీ అది కొత్తగా చంపిన జంతువే కానక్కర్లేదు. తానంతట చనిపోయినది కావొచ్చు, వ్యాపారుల దగ్గర పట్టుబడినది కావొచ్చు, ఏనాటిదో మ్యూజియం నమూనా కావొచ్చు. తావీతావీ ఉడుము సంగతి వినండి. 1961లో నూనా డాన్ అనే డేనిష్ యాత్ర ఆ దీవుల మీదుగా వెళ్లింది. అప్పుడు తెచ్చిన ఉడుములు కోపెన్‌హేగన్‌లో ఉండిపోయాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2010లో వాటిని పరీక్షించి వేరానస్ రాస్ముసేనీ అని వర్ణించారు. ఒక్క ఉడుమును కొత్తగా చంపలేదు. సులవేసీ తెరచాప బల్లులను 2020లో మళ్లీ వేరుచేసి చూపినప్పుడూ అంతే, 1860లోనూ 1872లోనూ పెట్టి మరిచిపోయిన రెండు పేర్లకు ప్రాణం పోశారు. పాత నమూనాలు ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది.

పరిరక్షకురాలు: ఇది నా పక్షానికి పనికొచ్చే వాదం. సీసాల్లో ఇంత ఉంటే ముందు సీసాలు తెరవండి, తర్వాత వాగుకు వెళ్లండి. సీసా శాశ్వతం కూడా కాదు. కోస్టారికా ఆనోల్‌కు పేరు పెట్టిన ఆ టేలరే తన తొలి రోజుల్లో ఫిలిప్పీన్స్‌లో ఎన్నో సరీసృపాలను వర్ణించాడు. మనీలాలో భద్రపరిచిన ఆ సేకరణ రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయింది. 2010లో సావో పాలోలో బుటాంటన్ సంస్థలో నిప్పంటుకుని వేల వేల పాములు ఒక్క ఉదయంలో బూడిదయ్యాయి. ఏ చోటి నుంచి తెచ్చారో ఆ చోటికి అవి మళ్లీ దొరకలేదు, మ్యూజియానికీ మిగల్లేదు.

వర్గీకర్త: ఆ నష్టం నాకు ఇప్పటికీ కడుపుకోతే. మనీలా కాలిపోవడం వల్ల ఫిలిప్పీన్స్ బల్లుల పేర్లను ఇవాళ్టికీ తిరిగి స్థిరపరుస్తూనే ఉన్నారు. ఒకచోట దాచిన జ్ఞానం ఒకచోటే కాలుతుంది కాబట్టే బహిరంగంగా, అనేకచోట్ల అచ్చులో ఉండాలంటాను. అసలు చిక్కు మనం ఇంకా ముట్టుకోలేదు. చోటు దాచిపెడితే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

పరిరక్షకురాలు: మ్యూజియం దగ్గర, ఆ దేశపు అటవీ శాఖ దగ్గర. 2015లో చైనా నుంచి రెండు గోనియురోసారస్ గెక్కోలను వర్ణించినవాళ్లు అలాగే చేశారు. వేటగాళ్ల భయంతో చోటు రాయలేదు, నిజంగా అవసరమైన పరిశోధకులు అడిగితే ఇస్తామన్నారు. లుయీ కథ నుంచి నేర్చుకున్న పాఠం అది. జాతి పేరు వచ్చింది, వర్ణన ఉంది, చెల్లుబాటుకు ఏ లోటూ లేదు.

వర్గీకర్త: నిజంగా అవసరమైన పరిశోధకుడు అని తేల్చేది ఎవరు? వాగు బల్లుల హోలోటైప్‌లు ఎక్కడున్నాయో చూడండి. వియన్నా, బెర్లిన్, లైడెన్, కోపెన్‌హేగన్, లండన్. ఆ బల్లులు బతికే దేశాల్లో తక్కువ. లావోస్‌లో ఒక జిల్లా కాలేజీలో చదివే పిల్ల, తన ఊరి వెనక వాగులో ఏముందో తెలుసుకోవడానికి యూరప్‌లో ఎవరికో ఉత్తరం రాసి, తాను నమ్మకస్తురాలినని రుజువు చేసుకోవాలి. వలస పాలనలో నమూనాలు ఓడలెక్కి పోయాయి. ఇప్పుడు చోటు కూడా పోవాలా? రహస్యం ఎప్పుడూ పైవాళ్లకే అనుకూలంగా పనిచేస్తుంది. అన్నండేల్ 1912లో ట్రోపిడోఫోరస్ అస్సామెన్సిస్‌ను వర్ణించి చోటు రాసిపెట్టాడు కాబట్టే ఈశాన్య భారతంలో నీటి స్కింక్ కోసం వెతికే విద్యార్థి ఇవాళ ఎవరి అనుమతీ లేకుండా వెళ్లి చూడగలుగుతున్నాడు.

పరిరక్షకురాలు: ఈ మాటకు నా దగ్గర సులువైన సమాధానం లేదు. న్యాయమైన మాట. కాకపోతే మీరు ఆ పిల్లకు వాగు ఎక్కడుందో పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నారు. ఆ పిల్ల నాయనమ్మకు అది ఎప్పుడో తెలుసు. లావోస్ న్యూట్‌ను పట్టి అమ్మిన రైతులు దాన్ని కొత్తగా కనిపెట్టలేదు, చిన్నప్పటినుంచి చూస్తున్నారు. కలివికోడిని కూడా పట్టింది ఐతన్నే కదా. చోటు తెలిసినవాళ్లు వాగు పక్కన ఉన్నారు. వాళ్లకు తెలియనిది దాని ధర. మీ వ్యాసం వచ్చాక ఆ ధర పట్టుకుని ఒకడు వస్తాడు. అప్పుడు పూట గడవని మనిషిని బల్లిని అమ్మొద్దని ఎవరు చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? వ్యాసం రాసినవాడు అప్పటికి ఇంకో కొండ మీద ఉంటాడు. అందుకే అచ్చుకు ముందు ఆ ఊరితో మాట్లాడటం మర్యాద కోసం చేసే పని కాదంటాను. అది పరిశోధనలో భాగం.

వర్గీకర్త: మాట్లాడాలి. ఊరు ఒక్క గొంతుతో మాట్లాడుతుందని మాత్రం అనుకోకండి. కొందరికి వాగు కావాలి, కొందరికి గనిలో ఉద్యోగం కావాలి. ఇద్దరి అవసరమూ నిజమే. బల్లి ఉందని తెలిస్తే గని రాదేమోనని, ఉన్న సంగతి బయటపెట్టొద్దని అడిగే ఊరు కూడా ఉంటుంది. అప్పుడు ఏం చేస్తారు?

పరిరక్షకురాలు: అప్పుడు... వాళ్ల మాట విని ఊరుకోలేను. కాబట్టి ఊరిని అడగడం అంటే ఊరికి వీటో ఇవ్వడం కాదని ముందే చెప్పాలి. చెప్పి అడగాలి. కష్టమే. అయినా వరస ముఖ్యం. ముందు ఊరు, తర్వాత అటవీ శాఖ, ఆ తర్వాత పత్రిక. వాళ్లు ఆరు నెలలు అడిగితే ఆరు నెలలు ఆగాలి.

వర్గీకర్త: ఆరు నెలలైతే ఆగుతాను. లావోస్ న్యూట్‌కు పేరు 2002లో వచ్చింది, దేశీయ చట్టరక్షణ 2008లో వచ్చింది. లుయీ గెక్కోకు పేరు 1999లో, సైటీస్ రెండో అనుబంధం 2019లో. ఇరవై ఏళ్లు ఆగమంటారా?

పరిరక్షకురాలు: ఆ ఇరవై ఏళ్లూ మీ వ్యాసం బయటే ఉంది. అది ఏం కాపాడింది? వర్ణించిన చోట బల్లి లేకుండా పోయాక వచ్చింది రక్షణ.

వర్గీకర్త: మిగతా కొండల్లో ఉన్నవాటికైనా వచ్చింది. పేరు లేకపోతే వాటికీ వచ్చేది కాదు.

పరిరక్షకురాలు: బల్లి పేరు రాయొద్దని నేను ఎక్కడా అనలేదు. వాగు పేరు రాయొద్దన్నాను, అదీ సంతకెక్కే బల్లుల విషయంలో.

వర్గీకర్త: వాగు పేరు లేని వ్యాసం చేతబట్టుకుని బొగ్గు గనిని ఆపలేమని నేనంటున్నాను. యెన్ తూ బల్లి సంతకెక్కేదే, గని కిందా పడేదే. రెండు ప్రమాదాలూ ఒకే కొమ్మ మీద ఉన్నప్పుడు మీ విభజన నాకు దారి చూపించడం లేదు.

పరిరక్షకురాలు: గనికి అనుమతి ఇచ్చే అధికారికి చోటు విడిగా చెప్పొచ్చు కదా.

వర్గీకర్త: చెప్పాలంటే అతను అడగాలి. ఇక్కడ ఏదో ఉందని తెలిస్తే కదా అడుగుతాడు! పర్యావరణ నివేదిక రాసే కన్సల్టెంటు అచ్చయినవి తిరగేస్తాడు, ఆ వాగు పేరు మీద ఏమీ కనబడదు, అరుదైన ప్రాణులేవీ లేవని రాసేస్తాడు. అధికారి సంతకం పెడతాడు. ఎవరూ అబద్ధమాడలేదు, వాగు మాత్రం పోయింది.

పరిరక్షకురాలు: అయితే అడిగి తీరాలనే నియమం కావాలి. దాచిన చోట్ల పట్టిక ఒకటి ఉందని, అనుమతికి ముందు దాన్ని చూడకపోతే ఆ అనుమతి చెల్లదని. దానికోసం ఇద్దరం కలిసి రాద్దాం, నేను సిద్ధం. అది వచ్చేదాకా మాత్రం ఇలాంటి బల్లి వర్ణనలో అక్షాంశ రేఖాంశాలు కనబడితే సమీక్షకురాలిగా నేను ఒప్పుకోను.

వర్గీకర్త: అది వచ్చేదాకా వాగు నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని నా వ్యాసాన్ని వాగు పేరుతోనే పంపుతాను. అక్షాంశ రేఖాంశాలు తీసేస్తాను, అంతవరకు మీ మాట వింటాను. మీరు ఒప్పుకోకపోతే ఎందుకో వివరంగా రాసివ్వండి. ఆ అభ్యంతరాన్ని వ్యాసం పక్కనే అచ్చువేయమని సంపాదకుణ్ణి నేనే అడుగుతాను.

పరిరక్షకురాలు: వాగు పేరుతో కలిపి అచ్చువేసే పక్షంలో నా అభ్యంతరాన్ని అచ్చువేసి ప్రయోజనం ఏముంది?

వర్గీకర్త: తర్వాతి వర్ణన రాసేవాడు రెండూ చదువుతాడు.